ఫేస్‌బుక్ పోస్టుకి షోకాజ్ నోటీసు వస్తే: శ్రీకాకుళం, విజయనగరంలో ఉచిత న్యాయ సహాయం ఎంతవరకు అక్కరకొస్తుంది

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అనగానే గుర్తొచ్చేవి భార్యాభర్తల గొడవలు, గట్టు తగాదాలు, చెక్కు బౌన్సులు, లోక్ అదాలత్. ఉద్యోగం మీదికి వచ్చినప్పుడు అటు వెళ్లాలన్న ఆలోచన చాలామందికి రాదు. అందులోనూ ఒక కొత్త రకం కేసుంది. "ఆడ, మగ అనేది పుట్టుకతో తేలేది, ప్రకటించుకుంటే మారేది కాదు, ఆడవాళ్ల హాస్టళ్లు, ఆటల పోటీలు ఆ లెక్కనే నడవాలి" అని ఫేస్‌బుక్‌లోనో వాట్సాప్ స్టేటస్‌లోనో పెడతారు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి హెచ్చార్‌కి పంపుతారు. మర్నాడు షోకాజ్. ఇంగ్లీషు పత్రికల్లో ఈ అభిప్రాయాన్ని జెండర్ క్రిటికల్ అంటున్నారు. అది ఒప్పా తప్పా అన్నది ఈ సమీక్ష పని కాదు. ఆ నోటీసు చేతిలో పట్టుకుని కోర్టు ఆవరణలోని లీగల్ ఎయిడ్ ఆఫీసుకి, అక్కణ్నుంచి లేబరాఫీసుకి వెళ్తే ఏం దొరుకుతుంది, ఏం దొరకదు అన్నదే చూద్దాం.

మార్కులు ముందే చెప్పేస్తే ఫ్యాక్టరీ, కంపెనీ ఉద్యోగులకి ఐదుకి మూడున్నర. ప్రైవేటు స్కూలు, కాలేజీ టీచర్లకి రెండున్నర. అభిప్రాయాన్ని గెలిపించుకోవాలని వెళ్లేవాళ్లకి సున్నా. ఈ చివరి మాట దగ్గరే చాలామంది బోల్తా పడతారు, కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెట్టాలి.

మాయా ఫోర్‌స్టేటర్ కేసు తెలుగు గ్రూపుల్లో కూడా తిరుగుతూ ఉంటుంది. "అలా రాసినందుకు ఉద్యోగం తీసేస్తే కోర్టు కోటి రూపాయలిప్పించింది" అని. విషయం నిజమే, దేశం వేరు. లండన్‌లో ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్న ఆమెకి 2019లో కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ డిసెంబరులో ట్రిబ్యునల్‌లో ఓడిపోయింది. 2021 జూన్‌లో అప్పీలు గెలిచింది. 2022 జూలైలో వివక్ష జరిగిందని తీర్పొచ్చింది. 2023లో లక్ష పౌండ్లు దాటిన పరిహారం. ఇదంతా నిలబడింది బ్రిటన్ 2010 సమానత్వ చట్టం పదో సెక్షన్ మీద. మతంతో పాటు తాత్విక విశ్వాసాన్ని కూడా ఆ సెక్షన్ కాపాడుతుంది. 2025 ఫిబ్రవరిలో స్కూలు ఉద్యోగిని హిగ్స్ కేసులో కోర్ట్ ఆఫ్ అప్పీల్ ఇచ్చిన తీర్పు, ఫేస్‌బుక్ పోస్టులకి ఉద్యోగం పీకేయడం అతి అన్నది కూడా ఆ చట్టం మీదే. ఆ ఏడాది ఏప్రిల్ 16న బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ చట్టంలో స్త్రీ అంటే పుట్టుకతో స్త్రీ అని చెప్పింది. అదే తీర్పులో ట్రాన్స్ వ్యక్తులకి చట్ట రక్షణ అలాగే ఉంటుందని కూడా చెప్పింది. ఈ రెండో ముక్క ఫార్వర్డుల్లో మాయమవుతుంది.

మన దగ్గర ప్రైవేటు ఉద్యోగికి అలాంటి సెక్షన్ లేదు. రాజ్యాంగం 19వ అధికరణం వాక్ స్వాతంత్య్రం ఇస్తుంది గానీ అది ప్రధానంగా ప్రభుత్వాన్ని కట్టడి చేసేది. 2023 జనవరిలో మన సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి మెజారిటీతో, ఆ హక్కుని ప్రైవేటు వ్యక్తుల మీద కూడా అడగొచ్చంది. దాన్ని చూపించి పైడిభీమవరంలోని కంపెనీ చేత మళ్లీ గేటు తెరిపించడం మాత్రం జరిగే పని కాదు. పైగా ఇక్కడి చట్టం మొగ్గు వేరేవైపు ఉంది. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఎవరి లింగ గుర్తింపు వాళ్లే చెప్పుకునే హక్కుని ఒప్పుకుంది. తర్వాత 2019లో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం వచ్చింది. అందుకని "నా అభిప్రాయం సరైనదే" అనే వాదనతో వెళ్తే ప్యానెల్ లాయరు (సంస్థ ఉచితంగా కేటాయించే లాయరు) చేయగలిగిందేమీ ఉండదు. అదే ఉద్యోగి "నోటీసులో ఏ పోస్టో చెప్పలేదు, ఎంక్వైరీ పెట్టలేదు, సస్పెన్షన్‌లో భత్యం ఇవ్వలేదు" అంటే ఆ లాయరే గట్టి కేసు నడపగలడు. ఈ సేవ విలువంతా అక్కడుంది.

లీగల్ ఎయిడ్ ఎవరికి దొరుకుతుందో చూద్దాం. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్లకి ఆదాయంతో పనిలేదు. ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి, పారిశ్రామిక కార్మికులకి కూడా అంతే. ఈ చివరిది చాలామందికి తెలీదు. నెల్లిమర్ల జూట్ మిల్లులోనో, బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లోనో, ఎచ్చెర్ల వైపు యూనిట్లలోనో పనిచేసే కార్మికుడు ఏ కులమైనా, జీతం ఎంతైనా ఆదాయ సర్టిఫికెట్ లేకుండానే అర్హుడు. ఐడీ కార్డు, పేస్లిప్ చూపిస్తే చాలు. మిగతావాళ్లకి మన రాష్ట్రంలో ఏడాదికి 3 లక్షల పరిమితి. వాళ్లు సచివాలయంలో ఆదాయ సర్టిఫికెట్ ముందే తీయించుకుంటే ఒక తిరుగుడు తప్పుతుంది.

దరఖాస్తు తెల్లకాగితం మీద తెలుగులో రాసిచ్చినా చాలు. రాయడం రాకపోతే అక్కడి పారా లీగల్ వాలంటీరు రాసిపెడతారు. 15100కి ఫోన్ చేసి ముందు సలహా తీసుకోవచ్చు, నల్సా పోర్టల్లో ఆన్‌లైన్‌లో కూడా పెట్టుకోవచ్చు. నిబంధనల ప్రకారం 7 రోజుల్లోగా అవునో కాదో తేల్చాలి. లాయరు ఫీజు, కోర్టు ఫీజు, టైపింగు, సర్టిఫైడ్ కాపీల ఖర్చు ఏదీ మీది కాదు. వేసిన లాయరు విడిగా డబ్బులడిగితే కార్యదర్శికి కాగితం మీద ఫిర్యాదు చేసి లాయర్ని మార్చమనొచ్చు. కారణం చెబితే మారుస్తారు, మొహమాటపడనక్కర్లేదు.

జిల్లా హద్దుల విషయంలో చిన్న చిక్కు. 2022 ఏప్రిల్ 4న రెవెన్యూ జిల్లాలు మారాయి గానీ కోర్టుల హద్దులు వాటితో పాటు మారలేదు. రాజాం, పాలకొండ వైపు వాళ్లు కలెక్టరేటు ఎటుందో చూసి బస్సెక్కితే తప్పు ఆఫీసుకి చేరొచ్చు. మీ ఊరి కోర్టులో ఉండే మండల న్యాయ సేవల కమిటీలో అడిగి కదలండి. దరఖాస్తు అక్కడే ఇచ్చినా పైకి పంపుతారు.

ఇంతవరకు నాలుగు మార్కులివ్వొచ్చు. తగ్గేది తర్వాత.

చిన్న జిల్లాల ప్యానెళ్లలో సివిల్, క్రిమినల్, కుటుంబ కేసులు చేసే లాయర్లే ఎక్కువ. ఉద్యోగ, కార్మిక చట్టాలే పనిగా పెట్టుకున్నవాళ్లు తక్కువ. కాబట్టి దరఖాస్తులోనే "కార్మిక చట్టాల అనుభవం ఉన్న న్యాయవాదిని కేటాయించగలరు" అని ఒక వాక్యం రాయండి. ఇంకో పెద్ద లోటు, కన్సిలియేషన్లో, అంటే లేబరాఫీసులో జరిగే రాజీ ప్రయత్నంలో, లాయర్లకి ప్రవేశం లేదు. పాత 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోనూ అంతే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ అంతే. లేబరాఫీసర్ ముందు మీ పక్కన కూర్చోగలిగింది యూనియన్ ప్రతినిధి, లేదా మీరు ఏ యూనియన్లోనూ లేకపోతే అదే పరిశ్రమలోని తోటి కార్మికుడు. అంటే లీగల్ ఎయిడ్ లాయర్ని వాడుకోవాల్సింది గదిలోకి వెళ్లేముందు: కాగితాలు దిద్దించుకోడానికి, లెక్క వేయించుకోడానికి. యూనియన్ లేనివాళ్లు సీఐటీయూ, ఏఐటీయూసీ లాంటి సంఘాల జిల్లా ఆఫీసుకి పోయి మాట్లాడుకోవాలి. పోస్టులోని అభిప్రాయం ఆ సంఘం నాయకుడికి నచ్చకపోవచ్చు, అది కూడా లెక్కలో పెట్టుకోండి. పద్ధతి తప్పారన్న వాదనకి అడ్డు చెప్పే నాయకుడైతే అరుదు.

పారిశ్రామిక ట్రిబ్యునల్ దాకా వెళ్లాల్సి వస్తే అది విశాఖపట్నంలో. విజయనగరం నుంచి అరవై కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి వంద పైమాట. ఇక్కడి ప్యానెల్ లాయరు ప్రతి వాయిదాకీ అక్కడికి రాడు. మీ జిల్లా సంస్థకే ఒక దరఖాస్తు పెట్టి, ఫైలుని విశాఖ జిల్లా సంస్థకి పంపించి, అక్కడి లాయర్ని వేయించుకోవాలి. చాలామంది ఇక్కడి లాయరు అక్కడికి వస్తాడనుకుని మొదటి రెండు మూడు వాయిదాలు పోగొట్టుకుంటారు. ట్రిబ్యునల్‌లో లాయరు వాదించాలంటే ఎదుటి పక్షం ఒప్పుకోవాలి, ట్రిబ్యునల్ అనుమతీ కావాలి. కంపెనీ తన లాయర్ని పెట్టుకోవాలనే చూస్తుంది కాబట్టి ఇది మామూలుగా అడ్డు కాదు.

ఇక అసలు సరుకు, నోటీసు. వచ్చిన వెంటనే చేసే తప్పుల వల్లే కేసులు చెడిపోతాయి.

మొదటి తప్పు పోస్టు డిలీట్ చేసేయడం. కంపెనీ దగ్గర ఉన్నది సగం కత్తిరించిన స్క్రీన్‌షాట్ కావొచ్చు. పైన మీరు రాసిన నాలుగు లైన్లు, కింద మీరిచ్చిన మర్యాదైన జవాబులు అందులో ఉండవు. డిలీట్ చేస్తే అవి మీకూ ఉండవు. దాని బదులు "ఓన్లీ మీ"కి మార్చండి. మార్చేముందు పోస్టు మొత్తం, తేదీ, టైము, లింకు, ఎవరికి కనిపించేలా పెట్టారో ఆ గుర్తు, కామెంట్లు అన్నీ పడేలా స్క్రీన్ రికార్డింగ్ తీసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలుంటాయి: ఒకటి ఫోను యజమాని సంతకం చేసేది, రెండోది నిపుణుడు సంతకం చేసేది. ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే కోడ్) కూడా రాయాలి. డొమెస్టిక్ ఎంక్వైరీలో, అంటే కంపెనీ లోపల జరిపే విచారణలో, సాక్ష్య చట్టం అక్షరం పొల్లుపోకుండా వర్తించదు గానీ పై మెట్లకి వెళ్లాక అడుగుతారు. అసలు ఫైలున్న ఫోనుని ఎక్స్చేంజిలో ఇచ్చేయకండి.

రెండోది నోరుజారిన క్షమాపణ. "ఇకపై ఇలా చేయను, క్షమించండి" అని ఒక్క మెయిలు కొడితే అది ఒప్పుకోలు. తర్వాత ఎంక్వైరీ ఆఫీసర్ చేయాల్సిన పని మీరే చేసిపెట్టినట్టు. మూడోది దీనికి తిరగబడ్డ తప్పు, నాలుగు పేజీల వ్యాసం. క్రోమోజోములు, పురాణాలు, ఒలింపిక్స్ అన్నీ అందులో పెట్టేసి పంపిస్తారు. దానిలో నుంచి రెండు వాక్యాలు పట్టుకుని కొత్త ఛార్జి కడతారు.

సరైన మొదటి జవాబు పొడి పొడిగా ఉంటుంది. ఇలాంటిది:

"మీ నోటీసు ఫలానా తేదీన అందింది. అందులో సామాజిక మాధ్యమంలో అనుచిత వ్యాఖ్యలు చేసినట్టు మాత్రమే ఉంది. ఏ వ్యాఖ్య, ఏ తేదీన, ఏ ఖాతాలో పెట్టినది, సంస్థ నియమావళిలో ఏ క్లాజు కింద తప్పవుతుందో తెలియజేయగలరు. ఫిర్యాదు కాపీ, మీ వద్దనున్న స్క్రీన్‌షాట్లు ఇప్పించగలరు. అవి అందిన 7 రోజుల్లో పూర్తి జవాబు సమర్పించుకుంటాను. ఈలోగా నా మౌనాన్ని అంగీకారంగా భావించవద్దని మనవి."

ఇంతే. తెలుగులో ఇచ్చినా చెల్లుతుంది. నోటీసులో ఇచ్చిన గడువు 48 గంటలైతే ఆ 48 గంటల్లోనే ఇది వెళ్లాలి. ఆఫీసు మెయిలు నుంచి పంపి, కాపీ సొంత మెయిలుకి పెట్టుకోండి, ఎందుకంటే సస్పెండ్ చేసిన రోజే లాగిన్ ఆగిపోతుంది. పోస్టులో కూడా పంపండి. 2025 సెప్టెంబరు 1 నుంచి పాత రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, కౌంటర్లో "స్పీడ్ పోస్టుకి రిజిస్ట్రేషన్ కలపండి, డెలివరీ రుజువు కావాలి" అని అడగాలి. రసీదు ఫొటో తీసుకోండి, ఆ కాగితం మీది అచ్చు ఎండకి చెరిగిపోతుంది.

ఆ పూర్తి జవాబులో వాడదగ్గ పాత తీర్పొకటి ఉంది. 1983లో గ్లాక్సో లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు, స్టాండింగ్ ఆర్డర్లో (సంస్థ నియమావళిలో) "సంస్థ ఆవరణలో" అని రాసుకుంటే గేటు బయట ఎక్కడో జరిగినదాన్ని దాని కింద దుష్ప్రవర్తన అనడానికి వీల్లేదంది. ఇంట్లో కూర్చుని, సొంత ఫోన్లో, కంపెనీ పేరు ఎత్తకుండా పెట్టిన పోస్టుకి ఇది మంచి ఆధారం. అయితే ముందు మీ నియమావళి చదవండి. ఈమధ్య చాలా కంపెనీలు సోషల్ మీడియా పాలసీ అని వేరే కాగితం మీద చేరేరోజునే సంతకం పెట్టించుకుంటున్నాయి. ప్రొఫైల్లో కంపెనీ పేరు, యూనిఫాం ఫొటో ఉంటే ఈ వాదన సగానికి సగం పలచబడిపోతుంది.

ఇంకో గీత ఉంది, దాన్ని దాటినవాళ్లని ఏ లీగల్ ఎయిడూ సులువుగా బయటపడేయలేదు. "ఆడవాళ్ల ఆటల్లో పుట్టుకతో ఆడవాళ్లే ఉండాలి" అన్నది ఒక విధానం మీద అభిప్రాయం. "మా సెక్షన్లో ఫలానా మనిషి ఆడది కాదు" అని తోటి ఉద్యోగిని వేలెత్తి చూపడం, కావాలని పాత పేరుతో పిలవడం, వాళ్ల ఫొటో గ్రూపులో పెట్టడం అభిప్రాయం ఖాతాలోకి రావు. 2019 చట్టం ఉద్యోగంలో వివక్షని నిషేధించింది. 18వ సెక్షన్‌లో మాటలతో, మానసికంగా హింసించడం కూడా నేరాల్లో చేరింది. శిక్ష 6 నెలల నుంచి 2 ఏళ్లు. ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, ఫిర్యాదు మీద 15 రోజుల్లో విచారణ జరపాలి. ఆ ఉద్యోగి కూడా ఇదే న్యాయ సేవాధికార సంస్థకి రావొచ్చు, వాళ్లకీ లాయర్ని ఇస్తారు. ఇవ్వాలి కూడా. మీ కేసు ఈ గీతకి ఎటువైపు ఉందో ప్యానెల్ లాయరుకి దాచకుండా చెప్పండి. దాచింది ఎంక్వైరీలో ఎలాగూ బయటపడుతుంది.

సస్పెండ్ చేస్తే డబ్బు లెక్క ఇలా ఉంటుంది. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం 300 మంది, ఆ పైన కార్మికులున్న సంస్థల్లో మొదటి 90 రోజులు జీతంలో సగం, ఆ పైన ఆలస్యం మీ వల్ల కాకపోతే 75 శాతం. నెలకి 18,000 వచ్చే కార్మికుడికి మొదటి మూడు నెలలు 9,000, తర్వాత 13,500. ఎంక్వైరీ మామూలుగా 90 రోజుల్లో ముగించాలి. భత్యం ఇవ్వకుండా ఎంక్వైరీకి రమ్మంటే, రానని మొండికేయకుండా, హాజరై "భత్యం అందలేదు" అని రికార్డులో రాయించండి. తర్వాత ఆ ఒక్క వాక్యమే ఎంక్వైరీని పడగొట్టొచ్చు.

ఎంక్వైరీ ఎలా ఉండాలో 1963లో సర్ ఎనామెల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: ఆరోపణ స్పష్టంగా తెలపాలి, సాక్షుల్ని మీ ఎదుటే విచారించాలి, వాళ్లని మీరు ప్రశ్నించే వీలివ్వాలి, మీ సాక్షుల్ని తెచ్చుకోనివ్వాలి, కారణాలతో నివేదిక రాయాలి. పోస్టుల కేసుల్లో తప్పేది రెండో మూడో మెట్టు దగ్గర. స్క్రీన్‌షాట్ తీసి పంపిన మనిషిని పిలవరు, "ఫిర్యాదుదారు పేరు గోప్యం" అంటారు. ఆ స్క్రీన్‌షాట్ ఎవరు, ఎప్పుడు, ఏ ఫోన్లో తీశారో అడగడం మీ హక్కు. అడిగారన్న సంగతి ఆ రోజు ప్రొసీడింగ్స్‌లో ఉండాలి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టి కాపీ అడిగి తీసుకోవాలి. ఆ గదిలో స్త్రీత్వం గురించి చర్చ లేవదీయడం ఎంక్వైరీ ఆఫీసర్‌కి పండగ. అసలు విషయం వదిలేసి మీ ధోరణి గురించి రెండు పేజీలు రాసేస్తాడు.

"రాజీనామా రాసివ్వు, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ పాడుకాకుండా చూస్తాం" అనే మాట దాదాపు ప్రతి చోటా వస్తుంది. రాసిస్తే ఇది తొలగింపు కేసు కాకుండా పోతుంది. ఒత్తిడితో రాసిచ్చినా, వాళ్లు ఆమోదించేలోపు అదే రోజు మెయిల్లో ఉపసంహరించుకోవాలి. వెళ్లిపోదామనే నిర్ణయించుకుంటే అది వేరే సంగతి. అప్పుడు రావాల్సిన జీతం బాకీ 2 పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది, దాన్ని అడగండి.

20 మంది, ఆ పైన కార్మికులున్న చోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. ఏడాదిలోపు దానికి రాయొచ్చు, అది 30 రోజుల్లో తేల్చాలి. కాగితం మీద బాగుంది. కమిటీలో సగం మంది యాజమాన్యం మనుషులు కాబట్టి పోస్టుల కేసుల్లో పెద్దగా ఆశ పెట్టుకోకండి. రికార్డు కోసం మాత్రం రాయండి.

తొలగింపు ఉత్తర్వు వచ్చాక లేబరాఫీసు. అపాయింట్‌మెంట్ లెటరు, ఆర్నెల్ల పేస్లిప్పులు, పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు, నోటీసు, మీ జవాబు, ఎంక్వైరీ కాగితాలు, ఉత్తర్వు, ఇవన్నీ మూడు సెట్లు. కాంట్రాక్టరు కింద పనిచేసేవాళ్లు కాంట్రాక్టర్నీ అసలు కంపెనీనీ ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టాలి. ఒక్కరినే పెడితే "మా మనిషి కాదు" అనే జవాబుతో మొదటి నెల గడిచిపోతుంది. ఫార్మా యూనిట్ల చుట్టుపక్కల ఇది మామూలు సంగతి. కన్సిలియేషన్ 45 రోజుల్లో ముగియాలి. ఆ అధికారి ఆర్డరు వేయలేడు, రాజీ కుదర్చగలడు, లేదంటే కుదరలేదని రిపోర్టు ఇవ్వగలడు. రిపోర్టు అందిన 90 రోజుల్లో ట్రిబ్యునల్‌కి దరఖాస్తు వేయాలి. వివాదం మొదలై రెండేళ్లు దాటితే కన్సిలియేషనే లేదు. పాత చట్టంలో తొలగింపు మీద నేరుగా లేబర్ కోర్టుకి వెళ్లే గడువు మూడేళ్లు. పాత లెక్క మీద ధీమాగా కూర్చున్నవాళ్లు జాగ్రత్తపడాలి.

రాజీలో ఏం అడగాలి? పోస్టుల కేసుల్లో మళ్లీ ఉద్యోగంలోకి రావడం కన్నా మూడు విషయాలు సాధారణంగా సాధ్యపడతాయి: తొలగింపుని మామూలు విరమణగా మార్చడం, కారణం రాయని రిలీవింగ్ లెటరు, నోటీసు జీతం. "ఇకపై ఈ విషయం మీద ఎక్కడా ఏమీ రాయను" అని జీవితాంతం కట్టిపడేసే క్లాజు పెడితే, కంపెనీ పేరు, సహోద్యోగుల పేర్లు ఎత్తనని మాత్రం ఒప్పుకుని మిగతాది కొట్టించండి. లోక్ అదాలత్‌లో చేసుకునే రాజీకి అప్పీలు లేదు, సంతకానికి ముందు రోజు కాగితం ఇంటికి తెచ్చుకుని చదవండి.

ఇదంతా కార్మికుడన్న నిర్వచనంలోకి వచ్చేవాళ్లకి. సూపర్‌వైజరుగా నెలకి 18,000 దాటి తీసుకునేవాళ్లు, మేనేజర్లు అందులోకి రారు.

టీచర్లూ రారు. 1988లో సుందరాంబాళ్ కేసులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. రెండు జిల్లాల్లోనూ ప్రైవేటు స్కూళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు ఇంతమందికి జీతాలిస్తున్నప్పుడు ఇది చిన్న లోటు కాదు, మార్కులు తగ్గింది ఇందుకే. వాళ్లకి దిక్కు 1982 ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టం. 79వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు విద్యాసంస్థలో టీచర్నైనా, బోధనేతర సిబ్బందినైనా ఆరోపణలు తెలిపి విచారణ జరపకుండా తీసేయడానికి లేదు. తర్వాతి సెక్షన్ కింద అప్పీలుంది. అయితే సగం మందికి అపాయింట్‌మెంట్ ఆర్డరే ఉండదు, ఉన్నా ఏప్రిల్‌తో ముగిసే పది నెలల ఒప్పందం. పోస్టు ఫిబ్రవరిలో, గొడవ మార్చిలో, "జూన్‌లో రానక్కర్లేదు" అనే ఫోను మేలో. అక్కడ తొలగింపే లేదంటారు. ఇలాంటివాళ్లు లీగల్ ఎయిడ్‌కి మార్చిలోనే వెళ్లాలి. జీతం పడ్డ బ్యాంకు స్టేట్‌మెంటు, హాజరు రిజిస్టరు ఫొటో, టైంటేబుల్, వరసగా ఎన్నేళ్లు చేశారో చూపే ఏ కాగితమైనా పట్టుకెళ్లాలి. ఒకవేళ ఫిర్యాదు చేసింది విద్యార్థి తల్లిదండ్రులైతే ఆ లేఖ కాపీ ముందుగా అడగండి. చాలాసార్లు అందులో ఉన్నదానికీ స్కూలు మీ మీద మోపినదానికీ పొంతన ఉండదు.

ప్రభుత్వోద్యోగుల దారి వేరు. 1964 ప్రవర్తనా నియమాలు, 1991 సీసీఏ (క్రమశిక్షణ, అప్పీళ్ల) నియమాలు, ఆపైన నేరుగా హైకోర్టు, ఎందుకంటే రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఇప్పుడు లేదు. వాళ్లు జిల్లా సంస్థలోనే దరఖాస్తిచ్చి, హైకోర్టు న్యాయ సేవల కమిటీకి పంపమని అడగొచ్చు, అమరావతి దాకా పోనక్కర్లేదు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకి సీసీఏ నియమాలు వర్తించవు, వాళ్లు లేబరాఫీసు గుమ్మమే ఎక్కాలి. దరఖాస్తు మీద ఆఫీసు ముద్ర, తేదీ, నంబరు వేయించుకున్న కాపీ లేకుండా మాత్రం ఎవరూ బయటికి రాకండి. 7 రోజుల గడువు లెక్క మొదలయ్యేది ఆ ముద్ర మీది తేదీ నుంచే.